నునుపు దిమ్మలు

అదేనే మనవరాలా, జాకీ ఎత్తుతుంది గానీ మొయ్యదు. ఆ మాట రాశావా? రాస్తే మిగతాది మెల్లగా చెబుతాను. నీ కలం నా నోటికంటే ముందు పరిగెత్తకూడదు. వడ్రంగం చేసే మా తమ్ముడి కోడలు, అంటే మీ పిన్ని, ఇంటి ముందు కారు ఎత్తిన సంగతి ఇది.

ఆ కోడలికి బండి నడపడమంటే మంచినీళ్లు తాగినంత తేలిక. బట్టల కొట్టులో బిల్లులు కొట్టే ఉద్యోగం వదిలేసి, ఒక పాత చిన్న కారు కొనుక్కుని, ఆడవాళ్లకు డ్రైవింగు నేర్పుతానని బయలుదేరింది. ముగ్గురు చేరారు. అందులో కుట్టుపని చేసే ఆవిడ అంతకుముందు బస్టాండు పక్కన ఇంకోచోట చేరి, నేర్పేవాడి అరుపులకు తట్టుకోలేక వారం తిరక్కుండానే కళ్లనీళ్లతో ఇంటికి వచ్చేసింది. మళ్లీ స్టీరింగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషిని కోడలు బతిమాలి ఒప్పించింది. సోమవారం పొద్దున మీ గుమ్మం ముందు హారన్ మోగుతుంది, మోగకపోతే ఇంకెప్పుడూ నా మాట నమ్మకండి అని చెప్పి వచ్చింది.

ఆ మాట ఇచ్చిన మర్నాడే బండి మొరాయించింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గోల చేస్తోంది తప్ప చక్రం కదలదు. లోపల్నుంచి మాడిన వాసన. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని ఆవిడకు అర్థమైంది.

వీధి చివర మెకానిక్కు ఉన్నాడు. పని మంచిదే, కానీ ఎప్పుడడిగినా 'రేపు' అంటాడు కాబట్టి అందరూ రేపు మేస్త్రి అనే పిలుస్తారు. ఆయన షెడ్డు ముందు కార్లు పెళ్లివారి చెప్పుల్లా వరసన పడి ఉంటాయి. కోడలు రోజూ వెళ్లడం, ఆయన రేపని పంపడం, ఇలాగే శుక్రవారం వచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ షెడ్డులోకి వెళ్లి నిలబడింది. "మేస్త్రిగారూ, మీ చెయ్యి ఎలాగూ రేపే కదా ఖాళీ అయ్యేది. మీ పనిముట్లు ఇవాళ ఖాళీగానే ఉన్నాయిగా. అవి ఇవ్వండి," అంది.

మేస్త్రి నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. గేర్‌బాక్సు దించాలమ్మా, అది చంటిపిల్లాణ్ణి దించినట్టు కాదు అన్నాడు. దించడం చూశాను, మీ షెడ్డులోనే కూర్చుని చూశాను, రోజూ రేపటి కోసం ఎదురుచూస్తూ అదే పని కదా నాకు అంది ఆవిడ. ఆయన చక్రాల జాకీ, రెండు ఇనప స్టాండ్లు, పానాల పెట్టె లాగి బయట పెట్టాడు. పెట్టి, ఎప్పుడూ లేనిది నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాడు.

"జాకీ ఎత్తడానికే. మొయ్యడం స్టాండ్ల పని. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించకు, బండి అంచు కింద పడుకోబెట్టు. దూరే ముందు బయట నిలబడి బండిని తొయ్యి. నీకే భయం వేసేంత తొయ్యి. పడేదేదో నువ్వు బయట ఉన్నప్పుడే పడాలి."

ఇంటి ముందు నేల మెత్తటి మట్టి. స్టాండు కాళ్లు దిగబడతాయి. ఆ మాట కోడలు రాత్రి అన్నం దగ్గర అందో లేదో, మామగారి, అదే మా తమ్ముడి, చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన జీవితమంతా కర్రతోనే గడిచింది. కారు గురించి ఆయనకు తెలిసింది హారన్ ఒక్కటే. ఇంట్లో అందరూ ఇంజను, ప్లేటు అని మాట్లాడుకుంటుంటే పొరుగింటి పెళ్లి చూస్తున్నట్టు కూర్చున్న మనిషికి, తన వంతు పని దొరికింది. కిందికి వెడల్పాటి దిమ్మలు నేను చేసి పెడతానమ్మా అన్నాడు.

శనివారం తెల్లవారి కోడలు బయటికి వచ్చేసరికి దిమ్మలు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడో దాచుకున్న పాత టేకు. చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, మైనం పూసి, అంచులు గుండ్రంగా తీశాడు. ఎండ పడితే మొహం కనిపిస్తోంది. ఆయన తన పైపంచెతో ఇంకోసారి తుడిచి మరీ అందించాడు.

వెనకనుంచి అత్తగారు చూసి ఊరుకుంటుందా? "నా మంచం కోడు ఊగుతోందని చెప్పి చెప్పి నాలుక్కి నొప్పి పుట్టింది. దానికి ఒక మేకు కొట్టడానికి తీరలేదు. కారు కాళ్లకి మాత్రం పట్టుబట్టలు కట్టాడు," అంది.

కోడలు దిమ్మ మీద వేలితో రాసి చూసింది. వేలు జర్రున జారింది. మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. కానీ మామగారి కళ్లలో వెలుగు చూసి నోరు రాలేదు. నాలుగు ఏనుగులు ఎక్కినా బీట పడదమ్మా అంటున్నాడాయన. బీట పడదు నిజమే.

పని మొదలుపెట్టింది. చక్రాలు నేల మీద ఉండగానే బోల్టులు వదులు చేసింది. జాకీతో ముందు భాగం ఎత్తి, దిమ్మల మీద స్టాండ్లు నిలిపి, బండిని వాటి మీదికి దించింది. ముందు చక్రాలు రెండూ ఊడదీసి, మేస్త్రి చెప్పినట్టే చెరో పక్కన అంచు కింద పడుకోబెట్టింది. ఉన్నది ఒకటే జాకీ, గేర్‌బాక్సు దించడానికి అదే కావాలి. అందుకని దాన్ని వెనక్కి లాగింది. నేల మీద గోనెసంచి పరుచుకుంది. ఇక దూరడమే తరువాయి.

అప్పుడు మళ్లీ లేచి నిలబడింది.

"ఏమ్మా, అనుమానమా?" అన్నాడు మామగారు. కాస్త నొచ్చుకున్నాడు.

"మీ మీద కాదు మామయ్యా. మేస్త్రిగారు తొయ్యమన్నారు, తోస్తాను," అంది కోడలు. బండి పక్కకు వెళ్లి, నడుము ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి ఒక్క తోపు తోసింది. ఏమీ కాలేదు. మామగారు పైపంచె సర్దుకుని నవ్వబోయాడు. ఆవిడ ఇంకోసారి, ఈసారి పళ్లు బిగించి తోసింది.

ఇనప కాలు మైనం మీద సర్రున జారింది. స్టాండు పక్కకు తన్నుకుంది. బండి ముందు భాగం అడ్డంగా ఊగి దభీమని కూలింది. కూలి, కింద పడుకోబెట్టిన చక్రం మీద ఆగింది. గోనెసంచి మీదికి దుమ్ము లేచి, మెల్లగా దిగింది.

 బండికీ నేలకీ మధ్య మిగిలిన సందు చూస్తే అందులో మనిషి సుఖంగా పట్టడు గానీ ప్రాణం దక్కుతుంది, అంతే.

మామగారు అరుగు మీద కూలబడ్డాడు.  మూలకు దొర్లిన దిమ్మకేసి చూస్తూ, ఇక వద్దమ్మా, మాట పోతే పోయింది, ఆ కుట్టుపని ఆవిడకు నేను వెళ్లి చెప్పుకుంటాను అన్నాడు. అత్తగారు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

 కోడలికి మాత్రం ఎదురుగా కనిపిస్తున్నది కుట్టుపని ఆవిడ గుమ్మం. హారన్ కోసం చెవి ఒగ్గి కూర్చున్న మనిషి. ఇంకో మాట నమ్మి ఇంకోసారి మోసపోబోతున్న మనిషి.

"బండి మనల్ని ఏమీ చెయ్యలేదు మామయ్యా. చేస్తానని ముందే చెప్పింది, అంతే. కర్ర మంచిదే. నునుపే ఎక్కువైంది. మీరు బాడిస తెచ్చుకోండి, నేను మళ్లీ జాకీ పెడతాను."

 వేరేవాళ్లు గీత పెడితేనే ఊరుకోని మనిషి, తన చేత్తో నునుపు చేసిన టేకును తనే గాయం చెయ్యాలి. చివరికి ఆయన లేచి, కర్ర చెక్కే బాడిస తెచ్చాడు. మొదటి దెబ్బకు మొహం పక్కకు తిప్పుకున్నాడట. రెండో దెబ్బకు తిప్పుకోలేదు. అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, మైనం గీకేసి, దిమ్మ చుట్టూ అంచులకు బద్దలు బిగించాడు, స్టాండు కాలు పక్కకు కదిలినా అడ్డు తగిలేట్టు. పని అయ్యాక దిమ్మ దున్నిన పొలంలా ఉంది. ఈసారి ఆయన తుడవలేదు. బండి మళ్లీ లేచి నిలబడ్డాక తనే ముందుకొచ్చి, భుజం ఆనించి, ఎగశ్వాస వచ్చేంతవరకూ తోశాడు. కోడలు రెండో పక్కనుంచి తోసింది. బండి గుంజ పాతినట్టు నిలబడింది. అప్పుడు దూరింది ఆవిడ కిందికి.

బోల్టులు ఊడదీసి బయటికి అందిస్తుంటే అత్తగారు చెప్పుల పెట్టె అట్టకు చిల్లులు పొడిచి, ఏది ఎక్కడిదో ఆ వరసలోనే గుచ్చి పెట్టింది. ఇంజను కింద ఒక మొద్దు ఆసరా పెట్టారు. శనివారం పొద్దు వాలేలోగా గేర్‌బాక్సు జాకీ మీద నెమ్మదిగా దిగింది. అరిగిన ప్లేటు చేతిలోకి వచ్చింది.

ఆదివారం పొద్దున, ముందే కొనుంచిన కొత్త ప్లేటు పెట్టి, సరిగ్గా నడిమధ్యకు వచ్చిందని కంటితో చూసి బిగించేసింది కోడలు. అక్కడే తప్పు చేసింది. గేర్‌బాక్సు తిరిగి ఎక్కిస్తే అంతా ఎక్కి, చివరి రెండు వేళ్ల సందు దగ్గర మొండికేసింది. తోస్తే పోదు, తిప్పితే పోదు. చేతులు పట్టు తప్పేదాకా తంటాలు పడి, చివరికి జాకీ వదులు చేసి మొత్తం మళ్లీ కిందికి దించింది.

ప్లేటు నడుమ రంధ్రమూ, వెనక ఇంజనులో ఉన్న చిన్న రంధ్రమూ ఒకే గీత మీద ఉంటేనే గేర్‌బాక్సు కడ్డీ లోపలికి పోతుంది. రెంటినీ కలిపి పట్టుకోవడానికి ఒక మేకులాంటిది కావాలి. అది మేస్త్రి పెట్టెలో లేదు, ఆదివారం ఆయన షెడ్డు తెరవడు.

మామగారు పాత ప్లేటు తీసుకుని రంధ్రంలో వేలు పెట్టి తిప్పాడు. కాగితం చుట్టి లోపలి రంధ్రం కొలత తీసుకున్నాడు. తన వడ్రంగి కొట్లోకి వెళ్లి, కర్రను గుండ్రంగా తిప్పి చెక్కే తరిమెన ముందు కూర్చున్నాడు. కాసేపటికి కొస సన్నంగా, మొదలు లావుగా ఉన్న కొయ్య మేకు ఒకటి తయారైంది. ఉప్పు కాగితం చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేసి కోడలికేసి చూశాడు.

"రుద్దండి మామయ్యా. దీనికి ఎంత నునుపైనా చాలదు," అంది కోడలు.

"పాలిష్ పెట్టుకో, ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు," అంది అత్తగారు.

మేకు రెండు రంధ్రాల్లోకీ వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ప్లేటు బిగించి, మేకు లాగేసి, గేర్‌బాక్సు ఎత్తారు. ఆ రెండు వేళ్ల సందు దగ్గర కోడలు ఊపిరి బిగబట్టి భుజంతో ఒక్క నెట్టు నెట్టింది. టక్కుమని కూర్చుంది. అట్టకు గుచ్చిన బోల్టులన్నీ ఒక్కొక్కటే తమ ఇళ్లకు చేరాయి. అట్ట ఖాళీ అయ్యాక అత్తగారు దాన్ని తిప్పి చూసి, ఏమీ మిగల్లేదు కదా, మిగిలితేనే భయం అంది.

సోమవారం పొద్దున కుట్టుపని ఆవిడ గుమ్మం ముందు హారన్ మోగింది. ఆవిడ వచ్చి కూర్చుని క్లచ్ వదిలితే బండి ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ఇప్పుడు అరుస్తుందని మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. కోడలు అరవలేదు. ఈ క్లచ్ ఇంకో ఏడాది దాకా దేనికీ భయపడదు, మీరూ భయపడకండి, మెల్లగా వదలండి అంది. రెండోసారి బండి వీధిలో నిదానంగా కదిలింది.

ఇంతేనే. ఆ గాట్ల దిమ్మలు ఇప్పటికీ మా తమ్ముడింట్లోనే ఉన్నాయి. ఎవరికైనా ఇస్తే, వాళ్లు తోసి చూపించేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలడు. నీ తమ్ముడు కొత్త జాకీ కొన్నాడట కదా, ఫోనులో నేను చెబితే ఊఁ ఊఁ అంటాడు. నువ్వు ఇది వాడికి మొదటినుంచీ చదివి వినిపించు. బండి కిందికి దూరకముందే వినిపించు, తల్లీ.