ఓబుళేశుకు చెప్పని మాట

బ్యాండుకు నాపరాళ్ళు అని పేరు పెట్టింది ఓబుళేశే. భూపేష్ వాళ్ళ నాయనకు కడప ఊరి బయట బండల ఫ్యాక్టరీ ఉంది. ఆదివారం పాలిష్ మిషన్లు ఆగిపోతాయి కాబట్టి ఆ రేకుల షెడ్డులోనే ప్రాక్టీసు. ఎంత ఊడ్చినా బండల దుమ్ము లేస్తూనే ఉండేది. కీబోర్డు మీద పాత చీర కప్పకుండా వెళ్తే మరుసటి వారానికి అది సరిగా పలికేది కాదు.

కృపమణి, ఓబుళేశు కమలాపురం పక్క పల్లెలో పదో తరగతి దాకా ఒకే బడిలో చదివారు. ఆమె చర్చిలో కీబోర్డు వాయించేది. నలుగురిలో నోరెత్తని పిల్ల. ఆమెను బ్యాండులోకి తెచ్చింది కూడా అతనే. మొదటిరోజు ఆమె గడప దగ్గరే నిలబడిపోతే భూపేష్ నవ్వాడు.

"ఏం లే, ఈ పాప మాట్లాడదా?"

"మాట్లాడదు, వాయిస్తాది. నీకు మాటలు గావాల్నా, పాటలు గావాల్నా?" అన్నాడు ఓబుళేశు.

రెండేళ్ళలో బ్యాండులో మనుషులు మారుతూనే ఉన్నారు. మొదట పాడిన ప్రకాశం కోచింగు కోసం విజయవాడ వెళ్ళిపోయాడు. తర్వాత హర్షిణి రెండు నెలలు పాడింది. వాళ్ళ నాయన ఎవరి ఫోన్లోనో ఆమె పాడిన వీడియో చూశాడు, మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఇక భూపేషే పాడడం మొదలుపెట్టాడు. బేస్ గిటారు వాయించే అబ్బాయి గిటారు అమ్మి ఫోను కొనుక్కున్నాడు. ఆ చోటికి హెన్రీ వచ్చాడు. వచ్చినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ కృపమణి తేదీలతో సహా డైరీలో రాసుకునేది. మొదటి నుంచీ నిలిచింది ముగ్గురే: గిటారు భూపేష్, కీబోర్డు కృపమణి, డ్రమ్స్ ఓబుళేశు.

డ్రమ్స్ అనేది పేరుకే. రెండు ఖాళీ పెయింటు బకెట్లు, ఒక స్టీలు తట్ట, చర్చివాళ్ళు పక్కన పడేసిన పాత డ్రమ్ము ఒకటి. వాటిమీదే అతను కొడుతుంటే షెడ్డు రేకులు కూడా తాళం వేసేవి.

ఇంటర్‌కు కృపమణి కడప హాస్టల్లో చేరింది. ఓబుళేశు కమలాపురం కాలేజీలో చేరి ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. ఆగస్టులో శెనక్కాయ చేలో పనులుండి ఒక వారం రాలేకపోయాడు. సరిగ్గా ఆ వారమే శివాని వచ్చింది. కర్నూలు పిల్ల, తండ్రికి కడపకు బదిలీ అయింది. ఆమెకు సొంత డ్రమ్ సెట్ ఉంది, ఎర్రగా అద్దంలా మెరుస్తూ.

ఆమె వెళ్ళిపోయాక భూపేష్ అన్నాడు, "బకెట్లేసుకొని స్టేజీ ఎక్కితే నవ్వుతారు లే. ఈ పాపకు సొంత సెట్టుండాది."

"ఓబుళేశుకు ఎవురు చెప్తారప్పా?" అన్నాడు హెన్రీ.

"ఇంకెవురు, కృపే. ఇద్దరిదీ ఒక ఊరే గదా."

కృపమణి తల ఊపింది. వద్దని అనలేదు. అతను లేకుంటే నేనిక్కడ ఉండేదాన్ని కాదని అనలేదు. పాత చీర తీసి కీబోర్డు మీద కప్పింది.

ఆ సాయంత్రమే భూపేష్ ఫోన్లో కొత్త గ్రూపు పెట్టాడు. అందులో ఓబుళేశు ఒక్కడే లేడు. ఆ సంగతి తెలియక అతను పాత గ్రూపులోనే "రేపు ఎన్నింటికి రావాల?" అని పెట్టేవాడు. అందరూ చూసేవాళ్ళు, ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆ మౌనం భరించలేక కృపమణే జవాబిచ్చేది. ఈ వారం మిషన్లు ఆపలేదంట. భూపేష్‌కు జ్వరం. మాకు పరీక్షలు. ప్రతిసారీ అతను "సరేలే, బాగా చదువుకో" అని పెట్టేవాడు.

మొదటి అబద్ధం చెప్పిన రోజు ఆమె డైరీలో ఇలా రాసుకుంది: "ఈరోజు ఓబుళేశుకు చెప్పేశాను. ఏమీ అనుకోలేదు." తను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో ఆ రెండు వాక్యాలు ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. తన చేతిరాత తనకే చూడబుద్ధి కాలేదు. తర్వాత డైరీ తెరవడమే మానేసింది.

దసరా సెలవులకు ముందు కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు తమ వేడుకలో వాయించడానికి పిలిచారు. పోస్టరు వాళ్ళే వేశారు. కొత్త ఫోటో ఎవరూ ఇవ్వకపోతే ఎక్కడో దొరికిన పాత ఫోటో పెట్టారు. అందులో మధ్యలో ఓబుళేశు, చేతిలో డ్రమ్ము పుల్లలు.

ఆ పోస్టరును ఓబుళేశే పాత గ్రూపులో పెట్టాడు. కింద అతని మాటలు: "నాకు చెప్పకుండా భలే దాచిపెట్టినారు కదప్పా. మాయమ్మను గూడా తీసుకొస్తాండా."

కృపమణి హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాలుగు వాక్యాలు టైపు చేసింది. చెరిపేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ చెరిపింది. చివరికి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఫోను కట్టేసింది.

వేడుక రోజు మధ్యాహ్నం స్టేజీ వెనక శివాని డ్రమ్ములు బిగించుకుంటుంటే ఓబుళేశు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, నడుములో దోపుకున్న పుల్లలు.

"సౌండ్ వాళ్ళ తరఫునా అన్నా? ఈ మైకు కొంచెం దగ్గరికి జరపవా," అంది శివాని.

అతను మైకు జరిపాడు. జరిపాక ఆమెను చూశాడు, డ్రమ్ములను చూశాడు, తర్వాత కృపమణిని చూశాడు.

"చెప్పలేదా నువ్వు?" అన్నాడు భూపేష్ గొంతు తగ్గించి.

ఆమె నేల చూపులు చూసింది. ఓబుళేశు జేబులో నుంచి కర్చీఫు తీసి కుడిచేతి మణికట్టుకు చుట్టుకుని పళ్ళతో ముడి లాగాడు.

"మాయమ్మ ముందర కూర్చోనుండాది. చెయ్యి బెణికిందని చెప్తాలే. మీరు కానీండి," అని వెళ్ళిపోయాడు.

మూడు పాటలు వాయించారు. పిల్లలు ఈలలు వేశారు. కృపమణి తల పైకెత్తలేదు. అంతా అయ్యాక ఓబుళేశు వాళ్ళమ్మ ఓబులమ్మ కొడుకును వెంటబెట్టుకుని ఆమె దగ్గరికే వచ్చింది.

"బాగా వాయించినావు పాపా. వీనికి ఈపొద్దే బెణకల్నా చూడు. బస్సులో బాగుండె."

"దిగేటప్పుడు బెణికిందని చెప్పినా గదమ్మా," అన్నాడు ఓబుళేశు.

కృపమణికి గొంతు దాకా వచ్చింది ఆగలేదు. "చేతికేం కాలేదత్తా. మేమే తీసేసినాము. రెండు నెలలాయ. నేను చెప్పలేదు."

చెప్పగానే ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. ఒక్క క్షణమే. ఓబులమ్మ కొడుకు మణికట్టు వైపు చూసింది. అతను తలవంచుకుని ముడి విప్పాడు. అమ్మ ముందు అతనికి మిగిలింది ఆ గుడ్డముక్క ఒక్కటే, దాన్నీ తను ఊడబెరికిందని కృపమణికి అప్పుడు అర్థమైంది.

"ఆ మాట నాకు చెప్పాల కృపా. రెండు నెలలు టైముండె. మాయమ్మకు గాదు చెప్పేది," అన్నాడతను.

పల్లెకు సాయంత్రం ఉన్నది ఒకటే బస్సు. సెలవులు కాబట్టి ఆమె కూడా అందులోనే వెళ్ళాలి. బ్యాగు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడితే ఓబులమ్మ జరిగి చోటిచ్చింది. "నిలబడతావేంది, రా." ఓబుళేశు చివరి సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు.

బస్సు చాలాదూరం వెళ్ళింది. అప్పుడు ఓబులమ్మ మెల్లగా అడిగింది, "ఆ అమ్మి కొట్టినట్టు మావానికి రాదా?"

"వస్తాదత్తా. ఇంకా బాగా వస్తాది."

"మరి?"

"ఆ పాపకు సొంత సెట్టుండాది."

"అదా," అంది ఓబులమ్మ. కొంగు సర్దుకుంది. "ఒక మాట అడిగింటే ఏదో ఒకటి చేసి కొనిచ్చింటిమే."

కృపమణి ఇక అక్కడ కూర్చోలేకపోయింది. లేచి సీట్లు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. ఓబుళేశు తల తిప్పలేదు.

"ఓబుళేశూ, నిన్ను తీసేసినాము. నీకు చెప్పమని నాకు చెప్పినారు. నాకు నోరు రాలేదు. ప్రాక్టీసు లేదని చెప్పిందంతా అబద్దం. పోస్టరు చూసినాక గూడా చెప్పలేదు."

"అయిపాయనా?"

"అయిపాయ."

"పో, పోయి కూర్చో. బస్సు ఊగుతాంది."

ఆమె వెళ్ళలేదు. పాపాఘ్ని వంతెన దాటినా, కమలాపురంలో సగం బస్సు ఖాళీ అయినా, పైన ఇనుప కడ్డీ పట్టుకుని అతని సీటు పక్కనే నిలబడింది. అతను ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.