తోటలోకి రాని మూడు రోజులు

జమ్మలమడుగులో పెన్న వైపు దిగే సందు ఒకటుంది. ఆ సందులో చివరి ఇల్లు యల్లమ్మది. ఇల్లు చిన్నదే గానీ వెనక దొడ్డి మాత్రం బాగా విశాలంగా ఉంటుంది. ఒకప్పుడు అందులో అరవై గొర్రెలు పడుకునేవి. మొగుడు సిద్దయ్యకు మోకాళ్లు పట్టేశాక మంద వెళ్లిపోయింది. మంద వెళ్లినా, అన్నేళ్లు అవి వేసిన పెంటంతా ఆ మట్టిలోనే ఉండిపోయింది. ఆ నేలలో యల్లమ్మ బీర పందిరి వేసింది, వంగ నాటింది, మిరప నాటింది. సందులో సగం ఇళ్లకు కూర అక్కడి నుంచే పోయేది.

ఆమెకు తోడు కోడలు సుధ. కొడుకు తిరుపాల్‌కు పులివెందుల దగ్గర చీనీ బత్తాయి తోటల్లో పని, వారానికోసారి వస్తాడు. పెళ్లయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ముట్టు పట్టింపులు ఆ ఇంట్లో ఎప్పుడో పోయాయి. ఆ మూడు రోజులూ సుధ వంట చేస్తుంది, నీళ్లు పడుతుంది, అందరితో పాటే తింటుంది. తోటలోకి మాత్రం రాదు. ముట్టయిన మనిషి నీడ పడితే తీగ మాడిపోతుందని యల్లమ్మకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు ఆమె అత్త చెప్పింది. అందుకని నెలకోసారి సుధ దొడ్డి గడప దగ్గరే ఆగి, గంప కింద పెట్టి, "నువ్వే కోసుకో అత్తా" అనేది. అంతే, ఆ నెల కూడా ఏమీ లేదని యల్లమ్మకు తెలిసిపోయేది.

తెలిసినా ఒక్క మాట అనేది కాదు. తిరుపాల్ పుట్టకముందు ఆరేళ్లపాటు ఇదే గడప దగ్గర తాను నిలబడింది కదా! అప్పుడు అత్త అన్న మాటలన్నీ ఆమెకు ఇప్పటికీ గుర్తే. తన నోటి నుంచి అలాంటి మాట ఒక్కటి రాకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు తప్పలేదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఈ ఏడు తొలకరి బాగా పడింది. అత్తా కోడళ్లిద్దరూ కలిసి బీర విత్తనాలు పెట్టారు. ఆ నెల సుధ గడప దగ్గర ఆగలేదు. రోజూ వచ్చింది, కలుపు తీసింది, మొలకలకు పుల్లలు పాతింది. యల్లమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. నెల దాటింది, ఇంకో వారం దాటింది. అయినా ఆమె అడగలేదు. మూడో నెల నిండేదాకా నోటితో అంటే దిష్టి తగులుతుందని ఆమె భయం. మొగుడికీ చెప్పలేదు, కొడుకునూ అడగలేదు.

రెండో నెలకు తీగ పందిరెక్కి పచ్చగా పూసింది. సుధ అప్పుడూ ఆగలేదు. యల్లమ్మ కోడలి కంచంలో ఇంకో ముద్ద నెయ్యి వేయడం మొదలుపెట్టింది. పొరుగింటావిడ బొప్పాయి పంపితే దాన్ని సందులో గొడ్లకు వేయించింది. ప్రొద్దుటూరు పోయి డజను పచ్చ గాజులు తెచ్చి, "ఊరికే, బాగుండాయని తెచ్చినా" అంటూ సుధ చేతులకు తానే తొడిగింది. సుధ తల వంచుకుని తొడిగించుకుంది. సిగ్గు కాబోలనుకుంది యల్లమ్మ.

కాపు మొదలయ్యాక ఆ పందిరిని చూడాలి! ఒక రోజు కోస్తే మర్నాటికి మళ్లీ వేలాడేవి. గోడ అవతలి ఫర్హానా మిరపకాయలకని వచ్చి నోరు తెరిచింది.

"ఏంది యల్లమ్మక్కా, ఈ ఏడు ఇట్ల కాసింది? ఏం మందేసినావు?"

"మందా మాకా! చేతి గుణం."

"నీ చేతికి ఇంత గుణం ఎప్పుడొచ్చె? పోయినేడు నువ్విచ్చిన బీరకాయ నా మొగుడు బీడీ అనుకున్యాడు."

"నా చెయ్యని నేనంటినా?" అని యల్లమ్మ గొంతు తగ్గించి, పందిరి కింద ఉన్న సుధ వైపు కళ్లతో చూపించింది. "కడుపుతో ఉండే చెయ్యి తగిలితే చెట్టు ఊరకుంటాదా?"

ఫర్హానా కళ్లు పెద్దవి చేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

యల్లమ్మ లెక్కలో మూడో నెల నిండిన మర్నాడు, పొద్దున్నే ఇద్దరూ కాయలు కోస్తున్నారు. యల్లమ్మ ఇక ఆగలేకపోయింది.

"సుధా, రేపు ఆసుపత్రికి పోదాం పామ్మా."

"ఎందుకత్తా?"

"ఎందుకంటావేంది! మూడోది నిండె గదా. ఇంగ నాతో కూడా దాస్తావా?"

సుధ చేతిలోని కత్తి కాడ మీదే ఆగిపోయింది.

"ఏం నిండలేదత్తా. ఈ పొద్దు నాకు రెండో రోజు."

యల్లమ్మకు ఒక పట్టాన అర్థం కాలేదు. "రెండో రోజయితే ఈడ నిలబడి కోస్తాండావేమే?"

"పోయిన నెలా ఇట్లనే వస్తి. మొలకలప్పుడూ వస్తి. చూడు, యాడ మాడిపాయ నీ తీగ?"

యల్లమ్మ గట్టు మీద చతికిలబడింది.

"నన్ను పిచ్చిదాన్ని చేసినావు గదే."

"నేను ఉందని అనింటే గదా? నువ్వే అనుకున్యావు. నువ్వు నెయ్యి వేస్తాంటే చెబుదామనుకుంటి, గాజులు వేస్తాంటే చెబుదామనుకుంటి. నోరు రాల్యా."

"గడప కాడ ఆగింటే తెలిసిపోవును గదా! ఎందుకొచ్చినావు లోపలికి?"

"నీ మొగం చూడలేక."

"నా మొగమా? ఈ నాలుగేండ్లల్లో నిన్ను ఒక్క మాటన్నా అంటినా?"

"అనలేదత్తా. అనింటే ఒగ పూట ఏడ్సి ఊరకుందును. నేను గంప కింద పెట్టంగానే నీ మొగం ఎట్లయితాదో నువ్వెప్పుడూ చూసుకోలేదు. మళ్లీ నవ్వుతావు. ఆ నవ్వు ఇంగా కష్టం."

సుధ మళ్లీ తీగ వైపు తిరిగి ఒక కాయ కోసింది.

యల్లమ్మ నోరు కట్టుకున్నానని ఇన్నేళ్లూ మురిసిపోయింది. మొగం ఏం చేస్తోందో ఎవరు చెబుతారు? మూడు నెలలుగా పేరు కూడా అనుకుని పెట్టుకుంది, మగపిల్లోడికొకటి, ఆడపిల్లకొకటి. ఇప్పుడు ఆ రెండు పేర్లనూ ఏం చేయాలో తెలియలేదు.

గోడ అవతలి నుంచి ఫర్హానా కేకేసింది. "యల్లమ్మక్కా! ఆ మంచి చేతి కాయలు నాకు రెండు పెట్టు!"

సుధ బిగుసుకుపోయి అత్త వైపు చూసింది.

యల్లమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. గంపలోంచి రెండు లేత కాయలు తీసి గోడ మీదుగా అందించింది. "మా సుధ కోసినవే, తీస్కో. అదేం లేదులే ఫర్హానా, నేనే తప్పు లెక్కేసినా. దాన్ని ఎవరూ ఏమీ అడగొద్దండి."

ఫర్హానా కాయలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"రెండో రోజంటివి, ఎక్కువసేపు వంగొద్దు," అంది యల్లమ్మ తిరిగి వచ్చి. "నడుము లాగుతాది. కిందివి నేను కోస్తా, పైవి నువ్వు కొయ్యి."

పందిరికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఆకుల అవతల సుధ ముక్కు చీదుకోవడం వినిపించింది. దగ్గరకు పోవాలనే ఉంది యల్లమ్మకు. కానీ అటు తిరిగితే కోడలు తన మొగం చూస్తుంది. ఆ మొగాన్ని ఎలా పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. అందుకని వీపు తిప్పుకునే, కాయలన్నీ అయిపోయిన తీగలో కూడా చెయ్యి పెట్టి చాలాసేపు వెతుకుతూ ఉండిపోయింది.