నీళ్ళు నిలవని గుంట

సోమవారం పొద్దున వత్సల పార్కు గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది. రాత్రంతా వాన కురిసింది. కాలువ పొంగి ఎదురింటి వాకిట్లోకి నీళ్ళు వచ్చాయి. సిమెంటు బస్తాల మీద కప్పిన పట్టలో నీళ్ళు మడుగు కట్టాయి. పార్కు మధ్యలో ఫౌంటెన్ కోసం తవ్విన గుంటలో మాత్రం నీళ్ళు లేవు.

కాంట్రాక్టరు మనిషి మునేష్ కంకర జల్లి కుప్ప మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమప్పా, నీళ్ళు తోడేసినారా?"

"మోటరే తేలేదు మేడమ్. నేల తాగేసుంటాది."

"ఇన్ని నీళ్ళా?"

"ఎండలకు ఎంత దప్పికయ్యిందో ఏమో, పాపం."

వత్సల నవ్వింది. గుంట చుట్టూ నడిచి అవతలి ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ అడుగున ఒక బీట కనిపించింది. చెయ్యి పట్టేంత వెడల్పు. బీట పక్కన చిప్స్ కవరు ఒకటి ఉంది. అది పైకి లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. వత్సల చెట్ల వైపు చూసింది. ఆకు కదలడం లేదు.

ఆమె నిచ్చెన దిగి బీట మీద అరచెయ్యి పెట్టింది. వేడి గాలి తగిలింది. తడిసిన కొయ్య, తుప్పు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన ఆమెకు తెలుసు. వాళ్ళ నాన్న గనుల ఆఫీసులో క్లర్కు. చిన్నప్పుడు ఒకసారి ఆయన వెంట షాఫ్టు దాకా వెళ్ళింది. మనుషులు భూమిలోకి దిగే బావి అది. దాని నోటి దగ్గర ఇదే వాసన, ఇదే వేడి.

ఒక జల్లి రాయి తీసి బీటలో వేసింది. అది ఎక్కడో తగిలి టక్కుమంది. మళ్ళీ తగిలింది. అడుగున పడిన చప్పుడు కోసం వత్సల చెవి ఒగ్గి కూర్చుంది. ఆ చప్పుడు రాలేదు.

నిచ్చెన ఎక్కుతుంటే కాలు రెండుసార్లు మెట్టు తప్పింది.

ఆ పార్కు కోసం వీధి జనం రెండుగా చీలి ఏడాదయింది. అంతకుముందు అది పార్కు కూడా కాదు. నాలుగు రాతి బెంచీలు, కొన్ని చెట్లు, మిగతాదంతా ఖాళీ నేల. మునిసిపాలిటీ దాన్ని బాగుచేస్తామన్నప్పుడు వత్సల ముందుకు వచ్చింది. పగలు బ్యాంకు ఉద్యోగం, సాయంత్రం ఇల్లిల్లూ తిరగడం. ఫౌంటెన్, నడిచే దారి, పిల్లలకు జారుడుబల్ల, చుట్టూ కంచె. వీధిలో పిల్లలున్న ఇళ్ళన్నీ ఆమె వైపు వచ్చాయి. పార్కు కమిటీకి ఆమెను సెక్రటరీని చేశారు.

వద్దన్నవాళ్ళకు పెద్ద రామచంద్ర. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వత్సలకూ ఆయనే చెప్పాడు. ఆయన మాట ఒకటే: ఆ నేల ఖాళీగా ఉండాలి. ఎందుకంటే ఎయిర్ బ్లాస్టు వస్తే వీధి వీధంతా అక్కడికే పరుగెత్తేది. గనుల్లో ఒత్తిడికి రాయి పగలడాన్ని అట్లా అనేవాళ్ళు. అప్పుడు పైన ఇళ్ళు ఊగేవి. గనులు నడిచిన రోజుల్లో ఊళ్ళో అందరికీ అదే అలవాటు. పొయ్యి ఆర్పాలి, పిల్లల్ని తీసుకోవాలి, ఖాళీ నేలకు పోవాలి. పిల్లలకు ఓనమాలలాగా అదీ నేర్పేవాళ్ళు. గనులు మూతపడి ఇన్నేళ్ళయినా ఎప్పుడో ఒకసారి నేల అదిరేది. అప్పుడూ అక్కడికే పోయేవాళ్ళు.

మీటింగులో ఆయన ఇదే చెప్పాడు. "నడిమధ్యలో గుంట తవ్వి, చుట్టూ కంచె కట్టి, మమ్మల్ని యాడ నిలబడమంటావమ్మా?"

వత్సల లేచి అన్నది: "సార్, గనులు మూసి నాకు పెళ్ళయి బిడ్డ పుట్టింది. మీకింకా బ్లాస్టు అవతానే ఉండాది. లారీ పోయినా లేచి పరుగెత్తుతారేమో!"

అందరూ నవ్వారు. వెనక నుంచి ఎవరో "సార్‌కు ఒక హెల్మెట్ కొనియ్యండప్పా" అన్నారు. రామచంద్ర కూర్చున్నాడు. ఆ తరవాత ఆయన వత్సలతో మాట్లాడలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆమె బ్యాంకు నుంచి మునిసిపల్ ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"కింద ఏముందో మాకెట్లా తెలుస్తుంది మేడమ్? మ్యాపులు గనుల కంపెనీ దగ్గర ఉంటాయి. పై ఆఫీసుకు రాస్తాను. అంతవరకూ ఎవరికీ చెప్పి గలాటా చెయ్యకండి. పని ఆగిపోతే మీ కమిటీకే చెడ్డపేరు" అన్నాడు.

సాయంత్రం వెళ్ళి చూస్తే బీట కనిపించలేదు. మునేష్ దాని మీద రేకు వేయించి జల్లి పోయించాడు.

"మూసేస్తిమి మేడమ్. ఇంగ భయం లేదు."

"మీ పనివాళ్ళను దాని మీద నిలబెడతావా?"

మునేష్ పార సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పనివాళ్ళు రాలేదు. వాడూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

వత్సల గేటుకు రెండో తాళం కూడా వేసింది. ఎవరైనా అడిగితే "కాంక్రీటు వేస్తున్నారు, ఆరాల" అని చెప్పింది. ఇంట్లో భర్త అచ్యుతకు మాత్రం ఉన్నమాట చెప్పింది. అతను అంతా విని, "వీధిలో చెప్పు" అన్నాడు.

"ఎట్లా చెప్పేది?"

"నోటితో."

"సార్ ముఖం చూసి ఎట్లా చెప్పేదండీ? అందరి ముందరా ఎగతాళి చేసి కూర్చోబెట్టినాను. ఇంజనీరు పై ఆఫీసుకు రాస్తానన్నాడు. వాళ్ళే చెప్పనీ."

ఆ వారమంతా ఆమెకు నేల మీద నమ్మకం పోయింది. బ్యాంకులో కుర్చీ జరిపితే ఉలిక్కిపడేది. స్నానాల గదిలో నీళ్ళు పోతుంటే అవి ఎక్కడికి పోతున్నాయో అని చూస్తూ నిలబడేది. తమ ఇంటికీ గుంటకూ మధ్య దూరాన్ని కిటికీలోంచి చూపుతో కొలిచేది. కూతురు మేధ గదిలో తాడాట ఆడుతుంటే కేకవేసి ఆపింది. పదేళ్ళ పిల్ల బిత్తరపోయింది.

శుక్రవారం సాయంత్రం రామచంద్ర వత్సల ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"గేటుకు రెండు తాళాలు ఎందుకమ్మా?"

"పని జరుగుతా ఉంది సార్."

"పనోళ్ళు కనపడలేదే."

"ఇంగ నాలుగు రోజులు ఓర్చుకోండి."

"నేను ఓర్చుకుంటాను. భూమి ఓర్చుకుంటుందా?" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. "మొన్న రాత్రి మా ఇంట్లో గిన్నెలు కదిలినాయి. మా ఆవిడ మధుర లేచి కూర్చుంది. గనుల్లో నీళ్ళు నిండినాయంటారు. నీకు మా మాట నవ్వులాటగా ఉండొచ్చు. నవ్వుకో. తాళంచెవి ఒకటి నాకు ఇచ్చిపెట్టు, చాలు."

వత్సల నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. ఆయన చేతిలో గొడుగు ఉంది. గొడుగు కొనతో గడప ముందరి రాయిని టకటక కొడుతున్నాడు. క్లాసులో జవాబు రాని పిల్లల ముందు సుద్దముక్కతో బల్లను అట్లాగే కొట్టేవాడు.

"తాళంచెవి మునేష్ దగ్గర ఉండాది సార్" అన్నది.

తాళంచెవి ఆమె కొంగుముడిలో ఉంది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆదివారం అచ్యుత బంధువుల పెళ్ళికని ముళబాగిలు వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక వత్సల వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. మేధ ముందరి గదిలో టీవీ చూస్తోంది.

మొదట చప్పుడు వచ్చింది. అది పక్కల నుంచి రాలేదు, పై నుంచి రాలేదు. కాళ్ళ కింద నుంచి వచ్చింది. బండి నిండా రాళ్ళు ఒక్కసారిగా దొర్లించినట్టు. ఆ వెంటనే అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. గోడకు తగిలించిన గరిటెలు ఊగాయి. వత్సల చెయ్యి దానంతట అదే పోయి గ్యాసు కట్టేసింది.

"మేధా!"

టీవీ మోగుతోంది. గదిలో ఎవరూ లేరు. వీధి తలుపు తెరిచి ఉంది.

వత్సల వాకిట్లోకి వచ్చేసరికి వీధి అంతా బయట ఉంది. ఎవరి కాళ్ళకూ చెప్పులు లేవు. ఎవరూ అరవడం లేదు. చంకల్లో పిల్లలు, చేతుల్లో ముసలివాళ్ళ చేతులు. మీటింగులో రామచంద్రను చూసి నవ్వినవాళ్ళు కూడా అటే వెళుతున్నారు. అందరికంటే ముందు పిల్లలు. పిల్లల్లో మేధ పచ్చ గౌను కనిపించింది. వాళ్ళ నాయనమ్మ నేర్పింది. నేల అదిరితే అమ్మ కోసం చూడొద్దు, నేరుగా పార్కుకు పో అని.

వత్సల పరుగెత్తింది. జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. గేటు దగ్గరికి చేరేసరికి ఇద్దరు మగవాళ్ళు తాళం మీద రాయితో కొడుతున్నారు. పిల్లలు కంచె పట్టుకుని ఎక్కుతున్నారు. మేధ ఒక కాలు అవతల వేసింది.

వత్సల ఆ కాలు పట్టుకుని ఇవతలికి లాగింది. పిల్ల ఆమె మీద పడింది. ఇద్దరూ కింద పడ్డారు. లేచి గేటుకు వీపు ఆనించి నిలబడింది.

"లోపలికి పోవద్దండి! కింద ఏమీ లేదు! గుంట కింద బోలు ఉండాది!"

"పక్కకు జరుగు తల్లీ" అన్నాడు రాయి పట్టుకున్న మారప్ప. పాల డెయిరీ అతనిది. "నీ ఫౌంటెను పాడు కాకుండా చూసుకుంటాంలే."

"ఫౌంటెన్ కోసం కాదు మారప్పా! వాన నీళ్ళన్నీ దాంట్లోకే పోయినాయి. బీటలోంచి గాలి వస్తా ఉండాది. రాయి వేస్తే అడుగు తగల్లేదు."

"ఇళ్ళు మీద పడతా ఉంటే కథలు చెప్తావా? తియ్, తాళం తియ్!"

రామచంద్ర జనంలోంచి ముందుకు వచ్చాడు. ఒక చేత్తో మధురను పట్టుకుని ఉన్నాడు. ఆయన గేటు వైపు చూడలేదు. వత్సల ముఖం చూశాడు.

"ఎప్పుడు చూసినావు?"

"సోమవారం."

"నేను శుక్రవారం వస్తిని."

వత్సల తల వంచుకుంది. "భయపడితిని సార్."

"దేనికి?"

ఆమె మేధను దగ్గరికి లాక్కుంది. ఆయన మారప్ప చేతిలోని రాయి తీసుకుని కింద పడేశాడు.

రెండోసారి అదిరింది. ఈసారి ఇంకా గట్టిగా. వెనక ఎవరి ఇంటి పిట్టగోడో విరిగి వీధిలో పడింది. జనం గేటు వైపు ఒరిగి, ఆగి, ఇళ్ళ వైపు తిరిగి, మళ్ళీ ఆగారు. ఒకవైపు గోడలు. ఒకవైపు పార్కు. మధ్యలో వీధి, తల మీద కరెంటు తీగలు.

"ఇంగ యాడికి పోవాల సార్?" అని మధుర భర్తను అడిగింది. ఆమె కూడా ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. అందరూ ఆయన వైపు తిరిగారు.

ఇన్నేళ్ళూ రామచంద్ర దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. అటూ ఇటూ చూసి, "బస్టాండు" అన్నాడు. "గోడల పక్కన కాదు, రోడ్డు మధ్యలో నడవండి. పిల్లల్ని వదలొద్దు."

జనం కదిలారు. మధుర వచ్చి మేధ చెయ్యి పట్టుకుంది. పిల్ల వెనక్కి తిరిగి, "అమ్మా, రా!" అన్నది.

వత్సల ఒక అడుగు వేసింది. అప్పుడు వెనక చప్పుడు వినిపించింది. జల్లి జారుతున్న చప్పుడు. కాస్త జారి ఆగింది. మళ్ళీ జారింది. తరవాత రేకు దేనికో తగిలి, లోపలికి, లోలోపలికి కొట్టుకుంటూ పోయింది.

ఆమె తిరిగి చూడలేదు. నిలబడ్డ చోట నేల ఇంకా ఉందా అని కాలివేళ్ళతో తడుముకుంది.

"నువ్వు పో! మధుర అత్తమ్మతో పో!" అని మేధకు అరిచింది.

పార్కు అవతలి మూల నుంచి మనుషులు వస్తున్నారు. వెనక వీధి వాళ్ళు. వాళ్ళకూ అదే అలవాటు. చెప్పుల్లేకుండా, పిల్లల్ని ఎత్తుకుని కంచె వెంబడి గేటు కోసం పరుగెత్తి వస్తున్నారు. వాళ్ళ వైపు కంచె నడుము ఎత్తు కూడా లేదు.

వత్సల కంచె పట్టుకుని, గుంటకు దగ్గరగా పోయే ఆ దారిలోనే, రెండో చెయ్యి పైకెత్తి అరుస్తూ వాళ్ళకు ఎదురు పరుగెత్తింది.