గుజ్జు పిండిన చెయ్యి

మా అట్టల మిల్లులో గుజ్జును గుప్పిట పట్టి పిండానంటే, నూటికి ఎన్ని పాళ్లు పీచుందో చెప్పేసేవాణ్ణి. ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

మిల్లు పర్చూరు దారిలో ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీల పాత అట్టపెట్టెలు నానబెట్టి, చిలికి, గుజ్జు చేసి, దాంతో మళ్లీ అట్ట కాగితం తీస్తాం. ఆ ఘాటుకి మా ప్రహరీ మీద కాకులు కూడా తుమ్ముతాయి. గుజ్జు చిక్కబడితే నీళ్ల వాల్వు తిప్పడం నా పని.

కిందటేడు ఆ పని మీటరుకిచ్చారు. గొట్టంలో గుజ్జు చిక్కదనం మీటరు చూస్తుంది, కంప్యూటరు వాల్వు తిప్పుతుంది. బిగించడానికి సిద్దికా అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. తెరమీద గీత మూడున్నర పాళ్ల దగ్గర తిన్నగా ఉండేది. కాగితం మాత్రం పూటకి పదిసార్లు తెగేది. రెండు రోజుల్లో కుదరకపోతే మీటరు విప్పించి, వాల్వు మళ్లీ నాకే ఇస్తానన్నారు మేనేజరు సాల్మన్ గారు. ఆ అమ్మాయికి ఇది మొదటి ఉద్యోగం. నాకు కొంచెం జాలేసింది. కొంచెమే.

మీటరుకి లెక్క నేర్పేది లాబ్ అంకె. గొట్టానికున్న కుళాయి కింద నేను పట్టిచ్చిన గుజ్జును లాబ్‌లో రామమూర్తి గారు ఎండబెట్టి, తూచి, పాళ్లు రాస్తారు. సిద్దికా ఆ అంకెకి మీటరును సరిచేస్తుంది. బల్ల తడిస్తే రామమూర్తి గారికి కోపం. అందుకని ఏళ్ల తరబడి గుజ్జును కాస్త పిండి ఇవ్వడం నా మర్యాద.

ఆ పిండడమే మీటరు కొంప ముంచుతోందేమోనని రెండో రోజు బుర్రకెక్కింది. నోరు మూసుకుంటే వాల్వు నాదే. టీ తాగి, ఆలోచించి, వెళ్లి చెప్పేశాను.

"పిండి ఇస్తున్నారా, తాతా?" అంది సిద్దికా.

"చుక్క కారకుండా, అమ్మా."

"నీళ్లు తీసేస్తే అంకె పెరుగుతుంది. ఉన్నదానికన్నా చిక్కగా ఉందనుకుని మీటరు నీళ్లు కలుపుతోంది. పల్చనై తెగుతోంది."

"ఇన్నేళ్లూ తెగలేదే?"

"ఇన్నేళ్లూ ఆ అంకె చూసే తిప్పారా మీరు?"

లేదని ఒప్పుకున్నాను. కాగితం మెషీను దగ్గర్నుంచి ఇలియాస్ "ఏరా, పల్చబడింది" అని అరిస్తే నీళ్లు కట్టేవాణ్ణి, చిక్కబడిందంటే వదిలేవాణ్ణి. పాళ్లు రామమూర్తి గారి చీటీ చూసి చెప్పేవాణ్ణి. గుప్పిట పిండడం చూసేవాళ్ల కోసం.

ఈసారి పిండకుండా ఇచ్చాను. బల్ల తడిసింది, రామమూర్తి గారు గొణిగారు, మీటరు సరైంది. ఆ పూట కాగితం తెగలేదు. మీటరు ఉండిపోయింది, సిద్దికా కూడా.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, వెళ్లి చెప్పేశాననడం. కుళాయి దగ్గర పిండుతుంటే ఆమే వచ్చి చెయ్యి పట్టుకుంది.