ఆక్సెన్‌షా స్టేషన్‌కి గడియారం వచ్చిన వైనం

క్లిఫర్డ్ హోల్‌రాయిడ్ కంటపడకుండా తప్పించుకున్న తప్పు ఆక్సెన్‌షా ఊళ్ళో లేదని చెప్పుకునేవారు. అతని ఉద్యోగమే అలాంటిది. ఉన్ని మిల్లులో నేసిన బట్టను వెలుతురుకు ఎదురుగా వేలాడదీసి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ ముడి పడిందో చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. మిల్లు నుంచి ఇంటికొచ్చాక సుద్దముక్క జేబులోంచి దిగేది గానీ మనసులోంచి దిగేది కాదు. భార్య ఈనిడ్ రొట్టె కాలిస్తే అంచు ఒక పక్క మందంగా ఉందనేవాడు. పాదిరిగారు ప్రసంగం చేస్తే మోషే వయసు తప్పు చెప్పాడనేవాడు.

అలాంటి మనిషికి నమూనా రైళ్ళ పిచ్చి పట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రతి బుధవారం మెథడిస్టు చర్చి మేడమీద గదిలో ఆ రైళ్ళవాళ్ళ సంఘం కూడేది. టీ, అల్లం రొట్టె, జిగురు వాసన, టంకం పొగ. బయటివాళ్ళెవరైనా 'బొమ్మ రైళ్ళు' అన్నారంటే ఆ గదిలో గాలి గడ్డకట్టేది. ఒకసారి కొత్త సభ్యుడొకడు నెలల తరబడి కూర్చుని ఇత్తడి రేకులు వంచి, అతికించి, రంగు వేసి, ఒక ఇంజను కట్టి తెచ్చాడు. క్లిఫర్డ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని రివెట్లు లెక్కపెట్టి, "బాగానే ఉంది, అయితే ఇలాంటి ఇంజను లోకంలో ఎప్పుడూ నడవలేదు" అన్నాడు. ఆ కుర్రవాడు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఆక్సెన్‌షాకి వచ్చే రైలు లైను అప్పటికే మూసేశారు. పట్టాలు పీకేశారు. స్టేషన్ పడగొట్టి, ఆ జాగాలో బొగ్గు వర్తకుడు బస్తాలు పేర్చుకునేవాడు. పోయిన స్టేషన్‌ని ఉన్నదున్నట్టు, బల్లమీద మళ్ళీ నిలబెట్టాలని సంఘం తీర్మానించింది. పెత్తనం క్లిఫర్డ్‌ది. పట్టాలు, సిగ్నళ్ళు విల్ఫ్ సగ్డెన్ చేతిలో పెట్టారు. విల్ఫ్ బస్సు డ్రైవరు, క్లిఫర్డ్‌తో ఒకే బెంచీమీద చదువుకున్నవాడు. చెట్లూ చేమలూ ఈనిడ్‌కి వచ్చాయి. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు వేసి గడ్డి పరిచింది. పాత స్పాంజి చింపి చెట్లు చేసింది. దూదితో గొర్రెలు చేస్తే, "మన కొండల్లో గొర్రెలు ఇంత తెల్లగా ఉంటాయా?" అని భర్త అడిగాడు. పొయ్యిలోంచి ఇంత మసి తీసి వాటికి పూసింది.

టౌన్ హాల్లో నమూనాల పోటీ ప్రదర్శన రేపనగా, మధ్యాహ్నం ఈనిడ్ వంటింటి బల్ల మీద ఏదో నల్లటి పలక కనబడితే దానిమీద వేడి టీ కుండ పెట్టింది. తీసి చూస్తే అది రంగు ఆరడానికి క్లిఫర్డ్ అక్కడ పెట్టిన స్టేషన్ పైకప్పు. ప్లాస్టిక్ రేకు మెత్తబడి, నడిమధ్యన గిన్నెలా గుంట పడింది. గబగబా మిగిలిపోయిన ముక్కల డబ్బా తిరగేసింది. ఎప్పుడో కొన్న సముద్రంలోకి కట్టే షికారు వంతెన నమూనా కిట్‌లోంచి చిన్న గడియారపు గోపురం ఒకటి దొరికింది. గుంట మీద పెడితే అతికినట్టు సరిపోయింది. జిగురు రాసి బిగించేసింది.

క్లిఫర్డ్ వచ్చి చూశాడు. గోపురాన్ని వేలితో కదిపి చూశాడు.

"తియ్యనా?" అంది ఈనిడ్.

"తీస్తే గుంట కనబడుతుంది."

"పోనీ గుంటతోనే పెడదాం. వాన పడి కుంగిందని చెప్పు."

బట్టలో చిరుగుకంటే ముడి నయం అనేది మిల్లులో వాళ్ళ మాట. "రేపొక్కరోజే. ఎల్లుండి కొత్త కప్పు చేస్తాను" అన్నాడు.

మర్నాడు టౌన్ హాలు కిటకిటలాడింది. న్యాయనిర్ణేతలు ఆక్సెన్‌షా బల్ల చుట్టూ తిరుగుతూ తలలూపుతున్నారు. సరిగ్గా అప్పుడే విల్ఫ్ వంగి చూసి, గొంతు తగ్గించడమంటే తెలియనివాడు కాబట్టి, హాలంతటికీ వినబడేలా అన్నాడు:

"ఒరే క్లిఫ్, స్టేషన్ నెత్తిమీద ఆ పావురాల గూడేంట్రా? నిన్నటిదాకా లేదే!"

న్యాయనిర్ణేతలు ఆగి ఇటు తిరిగారు. ఒక్కమాట నిజం చెప్పి ఉంటే నవ్వుకుని పోయేవారు. కానీ ఇన్నేళ్ళూ పదిమంది తప్పులూ పట్టిన మనిషి, పదిమందిలో తన తప్పు ఒప్పుకోవడమా?

"అది గడియారం. ఆ స్టేషన్‌లో నువ్వెప్పుడు తలెత్తి చూశావు గనక? నీ చూపులన్నీ టీ కొట్లో పిల్లమీదే కదా!"

హాలు ఘొల్లుమంది. టీ కొట్లో పిల్ల హాలిఫాక్స్ ఊరివాణ్ణెవణ్ణో చేసుకుని వెళ్ళిపోయిందనీ, విల్ఫ్ పెళ్ళి మాటే ఎత్తకుండా ఉండిపోయాడనీ ఊరందరికీ తెలుసు. విల్ఫ్ మొహం ఇటుకలా ఎర్రబడింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆక్సెన్‌షాకి మొదటి బహుమతి వచ్చింది. విల్ఫ్ మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. వీధిలో ఎదురుపడితే రోడ్డు దాటి అటుపక్కకి పోయేవాడు.

ఎల్లుండి చేస్తానన్న కప్పు చెయ్యలేదు. పత్రికలో ఫొటో పడిపోయింది మరి. నమూనాని ఊరి లైబ్రరీలో గాజు పెట్టెలో పెట్టారు. పిల్లలు దానికి ముక్కులు ఆనించి చూస్తూ పెద్దవాళ్ళయ్యారు.

ఏళ్ళు గడిచాయి. మిల్లు కూడా మూసేశారు. అప్పుడు ఊరికి పాతకాలం మీద మోజు పుట్టింది. బడిలో ప్రధానోపాధ్యాయినిగా చేసి దిగిపోయిన బీట్రిస్ లమ్ ముందు నిలబడి, పాత లైను మళ్ళీ వెయ్యాలనీ, ఆవిరి ఇంజను తేవాలనీ, స్టేషన్ ఎలా ఉండేదో అలాగే కట్టాలనీ ఉద్యమం లేవదీసింది. ఆవిడ పట్టు పట్టిందంటే ఎదురు చెప్పేవాళ్ళెవరు? ఊళ్ళో సగంమంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే.

అయితే స్టేషన్ ఎలా ఉండేదో చూపించే ఫొటో ఒక్కటీ లేదు. ఫొటోలు తీసినవాళ్ళంతా ఇంజన్ల పిచ్చివాళ్ళు. బంపర్లు, చక్రాలు, పొగగొట్టాలు నిలువెత్తున తీసుకున్నారు తప్ప, వెనకాల స్టేషన్‌ని పట్టించుకున్నవాడు లేడు. ఎక్కడైనా గోడ కనబడితే, పైకప్పు ఆవిరిలో మాయమైపోయేది.

ఒక ఆదివారం బీట్రిస్ లమ్ క్లిఫర్డ్ ఇంటికి వచ్చింది. "మిస్టర్ హోల్‌రాయిడ్, మాకు మీ నమూనాయే ఆధారం. ఊళ్ళో తప్పు చెయ్యని మనిషంటే మీరొక్కరే."

క్లిఫర్డ్ టీ కప్పు కింద పెట్టాడు. "అంతా తీసుకోండమ్మా. ఆ గడియారం ఒక్కటి వదిలెయ్యండి. అది లేదు."

"ఖర్చు గురించి మొహమాటపడకండి. చందాలు బాగానే వస్తున్నాయి."

"ఖర్చు కాదండీ, అసలది లేనే లేదు! మా ఆవిడ టీ కుండ పెడితే పైకప్పు కుంగింది. అందుకని అతికించాం."

"నిజమేనండీ, టీ కుండ నాదే," అంది ఈనిడ్. "ఇదిగో ఇదే."

బీట్రిస్ లమ్ టీ కుండని చూసి, భార్యాభర్తల్ని చూసి, కడుపారా నవ్వింది. "ఎంత అణకువ! పేరు రాకూడదని ఎన్ని కథలు చెబుతున్నారో!" అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

అణకువ అనే మాట తనమీద ఎవరైనా వాడటం క్లిఫర్డ్ జన్మలో అదే మొదలు.

పట్టిన పట్టు విడవకుండా ఊరి సమావేశానికి వెళ్ళాడు. నిలబడి, గడియారం లేదని గట్టిగా చెప్పాడు. వెనక వరసలోంచి ముసలి మిసెస్ థాకరే లేచింది.

"లేకపోవడమేంటి? మా హెరాల్డ్ నన్ను చేసుకుంటావా అని అడిగింది ఆ గడియారం కిందేగా!"

"అప్పుడు టైమెంత?" అన్నాడు క్లిఫర్డ్, దొరికిందన్న ఆశతో.

"ఆరుకి పావు తక్కువ."

"అంటే ఆరయ్యుంటుందిలే," అన్నాడు పక్కనున్న ముసలాయన. "అదెప్పుడూ పావుగంట వెనకే నడిచేది. దాని మూలంగా నేనెన్ని రైళ్ళు పోగొట్టుకున్నానో!"

అందరూ తలలూపారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ గడియారాన్ని తలుచుకున్నారు. ఒకావిడైతే కళ్ళు తుడుచుకుంది. కొత్త స్టేషన్ పటం గీసిన ఇంజనీరు, ఆ కాలపు స్టేషన్లలో ఇలాంటి గోపురాలు ఉండటం మామూలేనని తేల్చేశాడు. గోరంతది కొండంతవడం అంటారే, క్లిఫర్డ్ కళ్ళముందే అయింది. అగ్గిపెట్టెలో పట్టే గోపురం ఇటుకలై, సీసపు రేకై, ఇద్దరు మనుషులు లోపల నిలబడేంతయి, స్టేషన్ నెత్తిన లేచి కూర్చుంది.

ఇక అతని మాటకు సాక్ష్యం చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. ప్రారంభోత్సవం దగ్గరపడుతుండగా క్లిఫర్డ్ వెళ్ళి విల్ఫ్ తలుపు తట్టాడు.

విల్ఫ్ తలుపు తీసి, తల నుంచి కాలిదాకా చూశాడు. "దారి తప్పావా?"

"నీతో పనుంది."

"గడియారం సంగతేనా? విన్నాన్లే. ఊరంతా నవ్వుకుంటోంది." పక్కకి తప్పుకుని, "సరే, రా. ఒకటి చూపిస్తా," అన్నాడు.

అటక మీదికి తీసుకెళ్ళాడు. దీపం వేశాడు. గోడ నుంచి గోడ దాకా ఆక్సెన్‌షా. విల్ఫ్ ఇన్నేళ్ళూ ఒక్కడే కూర్చుని కట్టుకున్నది. కంకర, ఇంజను ఆగి నూనె ఓడ్చే చోట, నల్లగా ఉంది. పార్సిల్ ఆఫీసు తలుపు అడుగున, పోర్టర్లు బూటుతో తన్ని తెరిచే చోట, రంగు పోయి ఉంది. పైకప్పు నున్నగా, పలకలా, ఏమీ లేకుండా ఉంది. టీ కొట్లో గోరంత పిల్ల ఒకతె మోచేతులు ఆనించి నిలబడి ఉంది.

క్లిఫర్డ్ అలవాటు కొద్దీ తప్పు కోసం వెతికాడు. ఈ మూల నుంచి ఆ మూలకి, మోకాళ్ళ మీద వంగి వెతికాడు. దొరకలేదు. లేచి నిలబడేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సిందిరా," అన్నాడు.

"ఏది, గడియారం మాటా? పిల్ల మాటా?"

"రెండూ."

విల్ఫ్ ముక్కు చీదుకుని, "కిందికి దిగు. టీ పెడతా. కుండ ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు," అన్నాడు.

విల్ఫ్ నమూనాని ప్రారంభోత్సవం రోజున కొత్త స్టేషన్ వెయిటింగ్ రూంలో జరిగే నమూనాల పోటీకి పెట్టాలని క్లిఫర్డ్ బతిమాలాడు. దాన్ని చూస్తే ఎవరికైనా నిజం తెలిసిపోతుందని అతని నమ్మకం. విల్ఫ్‌కి ఆ నమ్మకం లేదు గానీ, స్నేహితుడి మొహం చూసి ఒప్పుకున్నాడు.

ఆ రోజు బ్యాండు మోగింది. ఆవిరి ఇంజను కూత వేసింది. లీడ్స్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత విల్ఫ్ బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కిటికీలోంచి బయటికి తొంగిచూసి పైకప్పు చూశాడు. మళ్ళీ బల్ల చూశాడు.

"అద్భుతమైన పనండీ. ఇంత మంచి పని నేను చూడలేదు. కానీ అంత పెద్ద గడియారం ఎలా మరిచిపోయారు? మీ ఊరి స్టేషనే కదా!"

బహుమతి బ్రాడ్‌ఫోర్డ్ నుంచి వచ్చిన కుర్రవాడికి ఇచ్చారు. అతను ఆక్సెన్‌షా స్టేషన్‌ని చూసిందే పోయిన వారం. గడియారం మాత్రం ముళ్ళతో సహా దించేశాడు.

క్లిఫర్డ్ కుర్చీ ఎక్కి, "అబద్ధం! ఇదే నిజమైన స్టేషను! బయట ఉన్నదే తప్పు!" అని అరిచాడు. బయట ఉన్న స్టేషన్‌లో నిలబడి అరుస్తున్న మనిషిని జనం జాలిగా చూశారు. "పాపం, ఎండ దెబ్బేమో," అంది మిసెస్ థాకరే. యార్క్‌షైర్‌లో అంత ఎండ ఎవరూ ఎరగరు.

ఈలోగా బీట్రిస్ లమ్ హడావిడిగా వచ్చింది. గడియారం ఆగిపోయింది. మేయరు వచ్చే వేళయింది. మరలు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?

"బస్సు మరలైతే తెలుసు," అన్నాడు విల్ఫ్. చొక్కా చేతులు మడిచి నిచ్చెన ఎక్కాడు. కిందనుంచి క్లిఫర్డ్, "నువ్వు కూడానా! లేనిదాన్ని బాగుచేస్తావా?" అని అరుస్తూనే ఉన్నాడు.

చాలాసేపటికి గడియారం కదిలింది. విల్ఫ్ మాత్రం వెంటనే దిగలేదు. దిగేసరికి మొహం మీద నూనె, చిరునవ్వు.

"క్లిఫ్, పైనుంచి ఊరంతా మన నమూనాలా కనబడుతుందిరా! గొర్రెలు కూడా మసి పూసినట్టే ఉన్నాయి. ప్రతి ఆదివారం గడియారానికి కీ ఇవ్వడానికి ఎవరో కావాలంట. నేను ఒప్పుకున్నా."

"గడియారం లేదన్నది నువ్వేరా!"

"ఆ మాట నేను చెప్పిన రోజున ఎవడైనా విన్నాడా? అప్పుడు లేదు. ఇప్పుడుంది. నాకు గొడవెందుకు?"

క్లిఫర్డ్ ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఈనిడ్ జరిగిందంతా విని, "పోనీ, ఎవరూ చూడని స్టేషన్ కట్టుకోండి ఇద్దరూ. తప్పు పట్టేవాడే ఉండడు," అంది.

మాట నచ్చింది. ఆ శీతాకాలం క్లిఫర్డూ విల్ఫూ కలిసి క్లిఫర్డ్ ఇంటి అటక మీద కొత్త బల్ల వేశారు. లోకంలో లేని ఊరికి లేని లైను. ఊరికి 'నెదర్ బీకప్' అని పేరు పెట్టారు. మొదటి సాయంత్రం ఎంతో హాయిగా గడిచింది. రెండో వారం ఈనిడ్ అల్లం రొట్టె పట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటే పైనుంచి కేకలు వినిపించాయి.

"నెదర్ బీకప్ గేటు ఎప్పుడూ తెల్లరంగేరా!"

"ఆకుపచ్చ! యుద్ధం ముందు నుంచీ ఆకుపచ్చే!"

"నువ్వెప్పుడైనా వెళ్ళావా అక్కడికి?"

"నువ్వు వెళ్ళావేంటి?"

ఈనిడ్ రొట్టె పళ్ళేన్ని పై మెట్టు మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా దిగిపోయింది.