గర్జన కోసం నొక్కిన మీట

మీరే చేశారు. అద్దాల గోడల వెనక ఏసీ చలిలో నిలబడి, బండి చప్పుడే మగతనమని, హోదా అని నమ్మించి అమ్మే పెద్దమనుషులారా, ఆ ఆడమనిషి నడుం విరగ్గొట్టింది మీరే. తడి రోడ్డు కాదు. కొత్త టైర్లు కాదు. కంగారుపడ్డ ఆ కాంట్రాక్టరు కూడా కాదు. రోడ్డు నోరు తెరిచి ఎదురు చెప్పదు గనుక నింద దాని నెత్తిన రుద్దారు. జరిగింది జరిగినట్టు వినండి.

ఆ షోరూములో అమ్మిన కార్లను అప్పగించే పని అతనిది. అందరూ అతన్ని తాళాలోడు అనేవాళ్లు. సీటు సర్దడం, ఏ మీట దేనికో చూపించడం, కొన్నవాడి చేతిలో తాళం పెట్టి పళ్లన్నీ కనబడేలా ఫొటోకి నవ్వడం, ఇంతే అతని ఉద్యోగం. అది ఇప్పించింది అతని అక్క. ఆవిడ అదే ఆవరణలో వెనక షెడ్డులో కార్లు కడిగేది. "మా తమ్ముడి చేతిలో ఎంత పొగరుబోతు బండైనా పెంపుడు పిల్లిలా పడుంటుంది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది.

అక్కడ ఒక అలవాటు ఉండేది. పందేల్లో పరిగెత్తే రకం కారు అమ్ముడైతే, గేటు దాటే ముందు అది గర్జించాలి. వీడియో తీసే అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుంటుంది. సిబ్బంది రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడతారు. మామూలుగా నడిపితే ఆ బండి అంత గట్టిగా అరవదు. అందుకని తాళాలోడు కొన్నవాడి భుజం మీదుగా చెయ్యి పెట్టి, స్టీరింగు పక్కనున్న మీట నొక్కి, బండిని రేసు పద్ధతిలోకి మార్చేవాడు. అప్పుడు వెనక గొట్టాలు బార్లా తెరుచుకుని షోరూము అద్దాలు జివ్వుమనేవి.

ఆ మీట ఇంకో పని కూడా చేస్తుంది. చక్రం జారినప్పుడు బండే తనను తాను పట్టుకుని సరిచేసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. మీట నొక్కితే ఆ పట్టు వదిలేస్తుంది. ఈ సంగతి మేనేజరుకి తెలుసు, తాళాలోడికి తెలుసు. కొన్నవాడికి చెప్పాలని మాత్రం ఎవరికీ నోరు రాదు. చెబితే, అయ్యా నీకు తోలడం రాదు అన్నట్టు ఉంటుందట! ఇలాంటి కారు కొన్న ప్రతి ఒక్కరికీ తడి నేల మీద ఒక పూట శిక్షణ ఇస్తామని కంపెనీ గొప్పగా మాటిచ్చింది. ఆ పూట ఈ షోరూములో ఏనాడూ రాలేదు.

"అంత పెద్ద బండి కొన్నవాడికి నేర్చుకునేవాళ్ల బోర్డు తగిలిస్తావేంట్రా?" అనేవాడు మేనేజరు. "వెళ్లి పక్క షోరూములో కొనుక్కుంటాడు."

ఇంకొకటి. షెడ్డులో కార్లు కడిగిన నీళ్లు వాలుగా పారి గేటు దగ్గర, సరిగ్గా రోడ్డు మలుపు మొదట్లో నిలిచేవి. చిన్న కాలువ తవ్వించండని అక్క అడిగి అడిగి విసిగిపోయింది. తవ్వితే ముందున్న నాపరాళ్ల అందం పోతుందన్నారు. అందుకని ప్రతి అప్పగింతకీ ముందు ఆవిడే పొడుగు కర్ర ఉన్న వైపరు పట్టుకుని గేటు దగ్గరికెళ్లి నీళ్లు పక్కకి తోసేది. ఆ పని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చేస్తుంటే వద్దనీ ఎవరూ అనలేదు.

కాంట్రాక్టరు కారు తీసుకున్న రోజూ అదే చేస్తోంది.

కాంట్రాక్టరు మంచివాడే. పాతికేళ్లుగా చిన్న కారు తోలిన చెయ్యి. భార్య, కూతురు వెనక టాక్సీలో వస్తామన్నారు.

"అంత తొందరగా మీతో రాలేం బాబూ, మాకు మెల్లగా పోయే బండే మేలు" అంది భార్య.

"చూశావా తమ్ముడూ, తాళం చేతికి రాకముందే పరువు తీసేసింది" అని నవ్వాడు కాంట్రాక్టరు.

తాళాలోడు కూడా నవ్వి మీట నొక్కాడు.

"ఒక్కసారి గట్టిగా తొక్కండి సార్! వీడియో అదిరిపోవాలి" అని మేనేజరు అరిచాడు.

కాంట్రాక్టరు తొక్కాడు. బండి గేటు దాకా బాణంలా పోయింది. వెనక చక్రాలు నీళ్ల మీదకి రాగానే తోక పక్కకి తిరిగింది. ఆయన హడలిపోయి కాలు ఒక్కసారిగా తీసేశాడు, స్టీరింగు ఒడిసిపట్టి తిప్పేశాడు. బండి బొంగరంలా గిర్రున తిరిగి, అక్కని గేటు స్తంభానికి అదిమేసింది. చప్పట్లు వెంటనే ఆగలేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లకి ఏం జరిగిందో కనబడలేదు.

అక్క బతికింది. నడుం కింద నుంచి ఏమీ తెలియదు, ఇక తెలియదని డాక్టర్లు కూడా చెప్పేశారు. తమ్ముడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే ఆవిడే మాట కలిపింది.

"దుప్పటెత్తి చూడరా, కాళ్లున్నాయా? నాకైతే కబురు అందట్లా."

"ఉన్నాయక్కా."

"ఉంటే సరేలే. పనికిరాని చుట్టాలు ఇంట్లో ఉన్నట్టు ఉండనీ." అతని వైపు తల తిప్పింది. "ఆ మీట నొక్కింది నువ్వేగా?"

"ఊఁ."

"జారుతుందని తెలుసా నీకు?"

అతను తల దించుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే తేలికపడేవాడు.

"ఏడవకు. నువ్వేడిస్తే నేను లేచి కూర్చోను. ఇంకొకత్తి ఇలా పడుకోకుండా చూడు. నువ్వు నొక్కావ్, నువ్వే ఆపు. చేతనైతే ఆపి రా. లేకపోతే పళ్లూ కాయలూ పట్టుకుని నా మొహం చూడ్డానికి రాకు."

షోరూము వాళ్లు మాత్రం బండిలో లోపం లేదని, రోడ్డు తడిగా ఉందని, తోలినవాడు బెదిరిపోయాడని తేల్చేశారు. ఊరు నోరు మూయించడానికి 'సురక్షిత డ్రైవింగు రోజు' అని ఒకటి పెట్టి, సిబ్బందిని బస్సెక్కించి ఊరి బయట సిమెంటు మైదానానికి తీసుకెళ్లారు. ముందు బ్యానరు కట్టారు, తర్వాత నీళ్లు చల్లారు.

నేర్పేది ఒకప్పుడు అంబులెన్సు తోలిన ఆవిడ. అందరూ పంతులమ్మ అంటారు. ఆవిడ తాళాలోణ్ణి అదే రకం కారులో కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. మొదట బండి తనను తాను పట్టుకునే ఆ కట్టడి ఉంచి తోలమంది. తడి మీద బండి కాస్త తూలి, తనే సర్దుకుంది. తర్వాత మీట నొక్కమంది. అతని వేలు ఆడలేదు. ఆవిడే నొక్కింది. మలుపులో తోక జారింది, అతను కాలు తీసేశాడు, బండి గిరగిరా తిరిగి ప్లాస్టిక్కు స్తంభాన్ని పడగొట్టి ఆగింది.

"కాలెందుకు పీకేశావ్ నిప్పు తొక్కినట్టు?"

"భయమేసింది మేడమ్."

"భయమేస్తుంది. కానీ కాలు పీకేస్తే బరువంతా ముందుకొచ్చి వెనక చక్రాలు తేలిపోతాయ్. మెల్లగా వదలాలి. సరే, కళ్లెక్కడ పెట్టావ్?"

"ఆ స్తంభం మీద. గుద్దుతానేమోనని."

"అందుకే పోయి దాన్నే గుద్దావ్. కన్ను ఎటుంటే చెయ్యి అటే పోతుంది నాయనా. పోవాల్సిన దారిని చూడు, భయపడే దాన్ని కాదు."

తాళాలోడు కారు దిగి ఆ పడిపోయిన స్తంభం పక్కన కూలబడ్డాడు. బండి జారిన క్షణంలో కాంట్రాక్టరు అక్కనే చూశాడు. ఆవిడకి తగలకూడదనే చూశాడు. చూశాడు గనుకే బండి ఆవిడ మీదకి పోయింది. ఈ ఒక్క ముక్క ఆయనకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

పంతులమ్మ మళ్లీ ఎక్కించింది. మధ్యాహ్నం భోజనాల వేళకి అతను జారిన బండిని నిలబెట్టగలిగాడు. నేర్చుకోవడం అంత సులువు. అదే అతని గుండెలో ముల్లులా దిగింది.

మళ్లీ అప్పగింత వచ్చింది. ఈసారి కొన్నది పళ్ల డాక్టరమ్మ. పొద్దున్నే తాళాలోడు మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, మీట నొక్కను. ముందు ఆవిణ్ణి మైదానానికి తీసుకెళ్దాం. ఒక్క పూట."

"నొక్కకపోతే వీడియోలో కుట్టుమిషను చప్పుడొస్తుంది."

"రానివ్వండి."

"మీ అక్కకి జరిగింది నాకూ బాధేరా. ఆసుపత్రికి మనిషిని పంపానా లేదా? అలాగని వ్యాపారం మూసుకుంటామా?"

తాళాలోడు ఇక ఆగలేదు. బయటికొచ్చి, కారు చుట్టూ తిరిగి మురిసిపోతున్న డాక్టరమ్మ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ మీట నొక్కితే బండి జారినప్పుడు తనంతట తాను సర్దుకోదు. మీరు ముందు తడి మీద తోలడం నేర్చుకోవాలి."

ఆవిడ మొహం మాడిపోయింది. "ఏమయ్యా, మగాళ్లకీ ఇలాగే చెబుతావా?"

"లేదమ్మా. వాళ్లకీ చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే..."

మేనేజరు పరుగున వచ్చి అతని చేతిలోంచి తాళం లాక్కున్నాడు. "సారీ మేడమ్, ఇంట్లో ఏవో సమస్యలు" అంటూ, వీడియో తీసే అమ్మాయిని మీట నొక్కమన్నాడు. ఆ అమ్మాయి ఒకసారి తాళాలోడి వంక చూసింది. నొక్కింది. అద్దాలు జివ్వుమన్నాయి. చప్పట్లు. గేటు దగ్గర తడి మీద బండి తోక ఒకసారి అటు ఊగి, ఇటు ఊగి, అదృష్టవశాత్తు నిలబడింది. డాక్టరమ్మ కిటికీలోంచి కేరింత కొట్టింది. వెళ్లిపోయింది.

"చూశావా? ఏమైంది?" అన్నాడు మేనేజరు.

ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్లకి సాక్ష్యమైపోయింది. రేపట్నుంచి తాళాల జోలికి రావద్దని, షెడ్డులో కార్లు కడుక్కోమని అన్నారు.

సాయంత్రం అతను ఉత్త చేతులతో ఆసుపత్రికి వెళ్లాడు.

"ఆపావా?" అంది అక్క.

"లేదక్కా. చెప్పాను. ఎవరూ వినలా."

"చెప్పమన్నానా నేను?" అని ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. తిప్పుకోగలిగింది అంతవరకే. ఆవిడ మళ్లీ ఇటు తిరగలేదు. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తెల్లారింది. ఆ షోరూములో ఇంకో కారు గేటు దాటబోతోంది. అది దాటకూడదు. షోరూము యజమానులారా, కాలువ తవ్వండి, రాళ్ల అందం మట్టిలో కలిసినా సరే. తడి నేల మీద పూట గడపనివాడు ఎంత గొప్పవాడైనా తాళం ఇవ్వకండి. చప్పుడు కోసం కట్టడి తీసే మీట మీద ఎవరి వేలూ పడనివ్వకండి. కొనేవాళ్లూ, మీరూ సిగ్గు పక్కనపెట్టి అడగండి, మాకు నేర్పాకే ఇవ్వండని. ఇవన్నీ మొదలుపెట్టేలోపు ఒక్క పని మాత్రం ఈ క్షణమే చెయ్యండి. అక్క స్థానంలో కొత్తగా చేరినావిడ ఇప్పుడు వైపరు పట్టుకుని ఆ స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆవిణ్ణి పక్కకి పిలవండి.