మొండిదాని వీపు

గుర్రపు స్వారీ క్లబ్బులో ఆ గోధుమరంగు ఆడగుర్రానికి అసలు పేరు ఏదో ఉండేది గాని, ఆర్నెల్లుగా అందరూ మొండిది అనే పిలుస్తున్నారు. కడుపు పట్టీ బిగిస్తుంటే కరవబోతుంది. దూకాల్సిన కర్ర దగ్గరికొచ్చి బిగదీసుకుని నిలబడిపోతుంది. దానిమీద స్వారీ చేసే అమ్మాయి మూడోసారి ఇసుకలో పడ్డాక కోచ్ తేల్చేశాడు.

"శనివారం జట్టు సెలెక్షన్‌కి నీకు వేరే గుర్రం ఇస్తాను. దీన్ని అమ్మేస్తున్నాం."

"జీను సరిపోవట్లేదేమో సార్."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. అంత పేరున్న ఇంగ్లిష్ జీను అది. పదమూడు గుర్రాలు నోరెత్తకుండా మోస్తున్నాయి, దీనికే వచ్చిందా?"

అమ్మాయి బట్టలకు అంటిన ఇసుకైనా దులుపుకోకుండా మేనత్త దుకాణానికి వెళ్లింది. మేనత్త జీన్లు కుడుతుంది, బాగుచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా క్లబ్బు మరమ్మతులన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతున్నాయి. అప్పుడు కూడా రెండు సూదులతో ఒక రికాబు పట్టీ కుడుతోంది. మేనకోడలు చెప్పిందంతా విని, దారం మైనానికి రుద్దుతూ కూర్చుంది.

"ఒకసారి వచ్చి చూడవా అత్తా?"

"పోయినేడు దాత ఇచ్చిన ఆ పద్నాలుగు జీన్లూ బాగున్నాయని సంతకం పెట్టింది నేనే."

"తెలుసు."

"కుట్లు చూశాను, తోలు చూశాను, లోపలి చట్రం గట్టిగా ఉందో లేదో చూశాను. ఒక్కటి కూడా గుర్రం మీద వేసి చూడలేదు. దాతతో ఫొటోలకి టైమవుతోందని సెక్రటరీ తొందరపెట్టాడు. నేనూ తొందరపడ్డాను."

"అందుకే నీ దగ్గరికొచ్చాను," అంది అమ్మాయి.

ఆ మాట మేనత్తకి సూదికన్నా లోతుగా దిగింది.

గురువారం పొద్దున్నే ఆవిడ మరో రెండు జీన్లు భుజాన వేసుకుని క్లబ్బుకొచ్చింది. ఒకటి తెలిసినవాళ్లది. రెండోది తన దుకాణంలో ఏళ్లుగా దండెం మీద పడి ఉన్న పాతది. ముందుగా మొండిదాని వీపంతా అరచేత్తో తడిమింది. భుజం ఎముక వెనక వేలు ఆనించగానే గుర్రం వీపు కిందికి కుంగింది. అక్కడ రెండు వైపులా జీను ఒత్తిడికి కాస్త తెల్ల వెంట్రుకలు మొలిచి ఉన్నాయి.

"ఇది మొండితనం కాదే తల్లీ, నొప్పి," అంది గుర్రంతోనే.

వీపుమీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, దానిమీద క్లబ్బు జీను వేయించింది. అమ్మాయి పది నిమిషాలు తిప్పి దిగాక గుడ్డ తీసి చూస్తే, భుజాల దగ్గర రెండు నల్లటి చెమట మరకలున్నాయి, వెనక ఇంకొకటి. మధ్యలో గుడ్డ ఉతికింది ఉతికినట్టే ఉంది. దాని వీపు వెడల్పు, జీను చట్రం ఇరుకు. బరువంతా ముందు రెండు చోట్లా, వెనకా పడుతోంది. నడుమ ఆనడమే లేదు.

తెలిసినవాళ్ల జీను చట్రం వెడల్పుగానే ఉంది. మొండిది చెవులు ముందుకి నిక్కించి హాయిగా నడిచింది. కానీ అమ్మాయివి పొడుగు కాళ్లు. మోకాళ్లు కాలు ఆనే పక్కరేకు దాటి ముందుకి పోయాయి, కూర్చోవడం వెనక అంచుమీదికి వచ్చింది.

"దిగు. దానికి సరిపోయింది, నీకు సరిపోలేదు. నువ్వు సరిగా కూర్చోకపోతే ఆ బరువు కూడా దాని నడుమే మోయాలి."

పాత జీనుకి పేరు కూడా అరిగిపోయింది. చట్రం వెడల్పు, కూర్చునే చోటు పొడుగు, పక్కరేకు ముందుకి వాలి ఉంది. అడుగున ఎడమ దిండు మాత్రం కుంగింది. మేనత్త కంచె పక్కనే పీట వేసుకుని, ఇనుప పుల్లతో ఆ దిండులోకి ఉన్ని కూరింది. రెండుసార్లు వేసి చూసి, మళ్లీ కూరింది. మూడోసారి గుడ్డ తీస్తే మరక ఆ చివరినుంచి ఈ చివరిదాకా సమంగా పరుచుకుంది.

కోచ్ కంచె మీద చేతులు పెట్టుకుని అంతా చూస్తూ నిలబడ్డాడు. సెక్రటరీ మాత్రం ఆఫీసులోంచి గబగబా వచ్చాడు.

"క్లబ్బు తరఫున ఆడేవాళ్లు క్లబ్బు జీనే వాడాలి. దాత పేరు రాసిన బిళ్ల ఉంది దానికి. అయినా ఎంత గొప్ప కంపెనీ అది."

"కంపెనీ గొప్పదే, కాదనను. దీని వీపుకి పేర్లు చదవడం రాదు."

"మీరే సంతకం పెట్టారు కదా?"

"పెట్టాను. తప్పు చేశాను. ఆ ముక్క కూడా రాసిస్తాను."

"ఇక్కడ పని ఉండాలని లేదా మీకు?"

"ఉండాలనే ఉంది. నా పని ఇదే."

ఆ మధ్యాహ్నమే తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసి, ఆఫీసులో ఒకటిచ్చి, ఇంకొకటి నోటీసు బోర్డు మీద అంటించింది. ఎవరో చింపేశారు. శుక్రవారం మళ్లీ అంటించింది. సాయంత్రానికల్లా ఇకమీదట మరమ్మతులకి రానక్కర్లేదని కబురొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు గాని, కాగితం చింపుకోవాలని మాత్రం అనిపించలేదు.

శనివారం అమ్మాయి మొండిదానిమీద పాత జీను వేసుకునే వచ్చింది. సెక్రటరీ గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"ఆ జీనుతో వెళితే జట్టులో నీ పేరుండదు."

"కొట్టేయండి."

"ఏడాది కష్టం మట్టిలో కలుపుకుంటావా?"

"నా కష్టం సంగతి నేను చూసుకుంటాను సార్. దాన్ని నొప్పిపెట్టి గెలవను. గేటు తీయండి."

ఆయన కదల్లేదు. బయటినుంచి వచ్చిన జడ్జి తన బల్ల దగ్గరనుంచే, "లెక్కలోకి తీసుకోం, తిప్పుకోనివ్వండి," అంది. గేటు తీసింది కోచ్.

తొమ్మిది కర్రలు. మొదటిదాని ముందు మొండిది ఒక్క క్షణం తటపటాయించింది, నొప్పి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టు. రాలేదు. దూకింది. అయిదోదాన్ని వెనక కాలు తగిలి పడేసింది. మిగతావన్నీ సాఫీగా దాటింది. అమ్మాయి దాని మెడమీదికి వంగి ఏడ్చేసింది. కంచె దగ్గర మేనత్త ముక్కు చీదుకుని, ఎండకి కళ్లు మండుతున్నాయి అంది.

జట్టులో అమ్మాయి పేరు కొట్టేశారు, ఆ ఏడాది మళ్లీ రాయలేదు. సోమవారం కోచ్ దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. మొండిదాన్ని అమ్మొద్దని తను గట్టిగా చెప్పానని, సెక్రటరీ గొణుక్కుంటూ ఒప్పుకున్నాడని అన్నాడు. గోడకున్న కళ్లేలు చూస్తూ మళ్లీ అన్నాడు.

"మీరన్నది నిజమే. కానీ అలా బోర్డుకెక్కించి చెప్పడం ఏం బాగాలేదు."

"బాగా చెప్పుంటే వినేవారా?"

అతను వెళ్లడానికి తిరిగాడు. గుమ్మం దిగబోయి ఆగాడు.

"క్లబ్బులో తెల్లగుర్రం ఒకటుంది, అదీ ఈమధ్య తల విసురుతోంది. సెక్రటరీకి చెప్పలేదు, నేనే అడుగుతున్నాను."

ఆవిడ కుడుతున్న పట్టీ పక్కన పెట్టి, దండెం మీదనుంచి ఉతికిన గుడ్డ లాగింది.

"పదండి, వెలుతురుండగానే చూద్దాం."